చెమట గదికి గాలి సందు

"మూయించినవా? గాలి సందు మూయించినవా?"

"జర మెల్లగ మాట్లాడమ్మా. పక్కింటోళ్ళు వింటరు."

"విననీ! పొయ్యి పెట్టిన గదికి ఊపిరాడే సందు మూసిన పుణ్యాత్ముడు ఎవరో వాళ్ళకు గూడ తెల్వాలె గద."

"సిద్ధాంతిగారు చెప్పిన్రు. దక్షిణం గోడకు రంధ్రం ఉంటే యముణ్ణి పిలిచినట్టేనంట. గందుకే సిమెంటు పెట్టించిన."

"సందు ఉంటే యముణ్ణి పిలిచినట్టు. సందు లేకుంటే పిలువకున్నా వస్తడు. గంతేనా ఫరకు?"

"నీకు వాస్తు తెల్వదమ్మా."

"నీకు పొయ్యి తెల్వదు బిడ్డా. బుద్ధెరిగినప్పటి సంది గ్యాసు మీది బువ్వ తిన్నోనివి."

ఈ సంభాషణ మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేడ మీద జరిగింది. చెప్పులు లేకుండా గచ్చు మీద కాలు మోపలేని ఎండ. నేనూ నా కొడుకూ ఎదురెదురుగా నిలబడి ధారలుగా చెమట కారుస్తున్నాం. మా పక్కనే, మనిషికి చెమట పట్టించడం కోసమని డబ్బు పోసి కట్టించిన చెక్క గది నిలబడి ఉంది.

దాన్ని సౌనా అంటారట. మంచు దేశాల వాళ్ళు కట్టుకుంటారు. చెక్కలతో చిన్న గది, అందులో ఒక మూల ఇనుప పొయ్యి, పొయ్యి మీద రాళ్ళు. కట్టెలు పెట్టి మండిస్తే రాళ్ళు కాలుతాయి. లోపల బల్లల మీద కూర్చుని, మధ్యమధ్య ఆ రాళ్ళ మీద కాసిని నీళ్ళు చల్లుకుంటే ఆవిరి లేచి ఒళ్ళంతా చెమట పోస్తుంది. మంచులో బతికే వాళ్ళకు అది అవసరమే. నాంపల్లిలో బతికే వాళ్ళకు ఎందుకని నేను మొదటి రోజే అడిగాను. మిట్టమధ్యాహ్నం అబిడ్స్‌లో బస్సు కోసం నిలబడితే చెమట పట్టదా, ఆ పైన బస్సెక్కితే ఇంకా పట్టదా, కట్టెల ఖర్చు కూడా ఉండదు కదా అన్నాను.

"గది వేరే చెమటమ్మా" అన్నాడు నా కొడుకు.

చెమటలో రకాలున్నాయని నాకు తెలియదు. నేను మూడో తరగతితో బడి మానేశాను. అంతవరకు ఆ పాఠం రాలేదు.

నా కొడుక్కి అబిడ్స్‌లో సూట్‌కేసుల దుకాణం ఉంది. రోజూ పొద్దున్నే పబ్లిక్ గార్డెన్‌కు నడకకు పోతాడు. అక్కడ వాళ్ళదొక జట్టు. ముందు నడుస్తారు, తర్వాత నడిచిన దానికి రెట్టింపు తింటారు. ఆ జట్టులో ఒక పెద్దమనిషి చలి దేశాలకు టూరు వెళ్ళి వచ్చి, అక్కడి చెక్క గదిలో కూర్చుంటే పొట్ట కరిగిందని చెప్పాడట. చెప్పిన ఆయన పొట్ట నేను చూశాను. కరిగాక అంత ఉంటే కరగకముందు ఎంత ఉండేదో! నా కొడుకు మాత్రం అదేమీ ఆలోచించలేదు. మేడ మీద నేను వడియాలు ఎండబెట్టుకునే చోటే గది లేచింది. వడియాలకు సూర్యుడు సరిపోయేవాడు.

పొయ్యి బిగించిన మనిషి పోతూ పోతూ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి చెప్పి పోయాడు. కింద పొయ్యి పక్కన గోడకున్న సందులోంచి మంచి గాలి లోపలికి వస్తుంది, పైన అవతలి గోడకున్న సందులోంచి చెడ్డ గాలి బయటికి పోతుంది, ఈ రెండూ ఎప్పుడూ మూయొద్దు అని. అందరం తల ఊపాం. నా కొడుకు అందరికంటే ఎక్కువ ఊపాడు. ఆ తర్వాత సిద్ధాంతి వచ్చాడు. కింది సందుకు సిమెంటు పడింది. పై సందులో నా కొడుకు తనంతట తానే పాత దుప్పటి కుక్కాడు. పైసలు పెట్టి పుట్టించిన వేడి ఊరికే బయటికి పోతుందని వాడి బాధ. ఆ పొదుపు బుద్ధి నా దగ్గరి నుంచే వచ్చి ఉంటుంది. ఎక్కడ వాడాలో మాత్రం నేర్చుకోలేదు.

ఇదంతా వాడి ఒక్కడి ప్రాణం మీదికి వచ్చేదైతే నేను ఇంత గొంతు చించుకునేదాన్ని కాదేమో. మర్నాడు పొద్దున ముహూర్తం. శుభకార్యం ఏదైనా ఇంటి పెద్ద చేతుల మీదుగా మొదలుపెట్టాలి కాబట్టి, ఆ గదిలో మొట్టమొదట కూర్చునేది మా ఆయన. ఆయనకు బీపీ. రోజూ పొద్దున గోలీ పడకపోతే మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుంటాడు. అలాంటి మనిషిని గాలి సందు లేని గదిలో, మండే పొయ్యి పక్కన కూర్చోబెట్టి బయట మేళం పెడతారట.

మా ఆయనేమో సంతోషంతో ఊగిపోతున్నాడు. సర్కారీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా పెద్ద సంతకం కింద పొట్టి సంతకం పెట్టడంతోనే గడిచింది. ఏ ప్రారంభోత్సవానికి పోయినా కత్తెర పళ్ళెం పట్టుకునే వంతే తప్ప కత్తెర పట్టుకునే వంతు రాలేదు. ఇప్పుడు వచ్చింది. దానికోసం కొత్త బనియను, కొత్త తువ్వాలు కొని బీరువాలో దాచుకున్నాడు.

సౌనా గురించి తెలుసుకుందామని, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతికి ఒక ఇంగ్లీషు పుస్తకం కూడా తెచ్చుకున్నాడు. మా కోడలు స్కూల్లో టీచరు. తను పుస్తకం తిరగేసి చూసింది.

"మామయ్యా, లాభాలన్నీ ఉన్నయి. జాగ్రత్తలు అన్న దగ్గర కాగితాలే లేవు. ఎవరో చింపుకపోయిన్రు."

"చింపుకపోయినోనికి అవసరముండె, తీసుకపోయిండు. మనకు లాభాలు మిగిలినయి గద" అన్నాడు ఆయన.

ఇక సందు సంగతి నాకెందుకు అంత పట్టింపో చెప్పాలి. నా మొదటి కాన్పు పుట్టింట్లో అయింది. బాలింతకు గాలి తగలకూడదని మా నాయనమ్మ పట్టుదల. కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, తలుపు కింద గోనెసంచి పెట్టి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి, పొగ లేదు, వాసన లేదు, గది వెచ్చగా ఉంది. నాకు హాయిగా నిద్ర వచ్చింది. తర్వాత తల బరువెక్కింది. పక్కలో పసివాడు పాలకు ఏడవాల్సిన వేళ అయినా ఏడవడం లేదని తెలుస్తోంది కానీ చెయ్యి లేవడం లేదు. మా అమ్మ ఏదో పని మీద తలుపు తీసి, మమ్మల్ని చూసి, కుంపటి ఎత్తి వాకిట్లో పారేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. పసివాడు గాలి తగిలాక చాలాసేపటికి గాని ఏడవలేదు. మా అమ్మ నాయనమ్మను ఎదిరించి మాట్లాడడం నేను చూసింది ఆ ఒక్కసారే. "పొగ కనవడితె మనిషి లేచి ఉరుకుతడు అత్తమ్మా. కనవడని గాలే పీక పిసుకుతది" అంది.

ఆ రోజు ఏడవడం మరచిపోయిన పసివాడే ఇప్పుడు గాలి సందుకు సిమెంటు పెట్టించిన పెద్దమనిషి.

మేడ మీద ఆ కథంతా వాడికి మళ్ళీ చెప్పాను. విన్నాడు. విని అన్నాడు కదా:

"అవి గప్పటి బొగ్గులమ్మా. ఇది ఇంపోర్టెడ్ పొయ్యి."

"ఇంపోర్టెడ్ పొయ్యికి పాస్‌పోర్టు ఉంటే ఉండనీరా. మండాలంటె గాలి కావాలె గద? లోపల ఉన్న గాలంతా అదే తాగితె మీ నాయిన ఏం తాగాలె?"

"గొట్టం ఉన్నది గద, పొగ మీదికి పోతది."

"పోయేదానికి తొవ్వ పెట్టినవు. వచ్చేదానికేది?"

ఇంతలో మా ఆయన కింది నుంచి కేక వేశాడు. "ఏందే గా లొల్లి? శుభమా అని పని చేసుకుంటుంటె!"

"నీ శుభం గురించే అయ్యా, నీ శుభం గురించే!"

"నాకేం గాదు. చెమట పోతె ఉప్పు పోతది, ఉప్పు పోతె బీపీ దిగుతది. రేపు గోలీ గూడ ఏసుకోను, చూడు!"

కింద గోలీ మానేసే మొగుడు, పైన గాలి మూసేసే కొడుకు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. మధ్యలో మెట్ల మీద నేను.

పోట్లాడితే పని కాదని తెలిసింది. మెట్లు దిగేముందు ఆ చెక్క గది తలుపు చూశాను. బయటి వైపు గొళ్ళెం. కోతులు లోపలికి పోయి బల్లలు పాడు చేస్తాయని పెట్టించాడట. లోపలి వైపు ఇంకో గడియ. అది మర్యాద కోసమట. లోపల కూర్చున్న మనిషికి కళ్ళు తిరిగితే లోపలి గడియ తీయలేడు. బయట ఎవరైనా అలవాటుగా గొళ్ళెం పెట్టి పోతే అసలు బయటికే రాలేడు. ఈ మాట అంటే మా వాడు, "అన్నీ గట్ల ఉల్టా ఆలోచిస్తె ఎట్లమ్మా" అన్నాడు.

పొయ్యిలోకి తెచ్చిన కట్టెలు కూడా చూశాను. కట్టెలంటే కట్టెలు కావు. దుకాణంలో పాత అరలు పీకిన ప్లైవుడ్ ముక్కలు, రంగులేసిన చెక్కలు, సన్‌మైకా అంటించిన పలకలు. ఉచితంగా వచ్చాయి కదా అని పేర్చి పెట్టాడు. ఉచితమంటే నాకూ ప్రాణమే. పెళ్ళిళ్ళలో ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలతో మా వంటిల్లు నిండి ఉంది. అయినా రంగుచెక్క, జిగురుచెక్క కాల్చిన కంపు ఆరుబయటే గొంతులో పట్టుకుంటుంది. దాన్ని గదిలో కాల్చి, ఆరోగ్యం కోసమని పీల్చుకోవడం నేనెక్కడా వినలేదు. వాటిని ఏరి అవతల పెట్టి, కట్టెల అడితికి పోయి ఎండిన తుమ్మ కట్టెలు తెమ్మని కోడలికి చెప్పాను. సొంత సంచిలోంచి డబ్బు తీసి ఇచ్చాను. కోడలు నా ముఖం చూసింది, డబ్బు చూసింది.

"అత్తమ్మా, అంత భయమైతున్నదా?" అంది.

నేను చీర మార్చుకుని సిద్ధాంతి దగ్గరికి బయలుదేరాను.

ఆయన ఆఫీసు అబిడ్స్‌లో ఒక మేడ మీద. ఆదివారం కాబట్టి దుకాణాల షట్టర్లు మూసి ఉన్నాయి. వాటి ముందు పుస్తకాలు పరిచి ఉన్నాయి. చెట్టు నీడ దొరికిన వాళ్ళు బేరాలాడుతున్నారు, దొరకని వాళ్ళు అడిగినంత ఇచ్చేసి పోతున్నారు. మెట్లెక్కి లోపలికి పోతే ఏసీ చలి. గోడలకు ఇళ్ళ నక్షాలు. ఆ గదికి కిటికీ ఏ దిక్కున ఉందో చూద్దామనుకున్నాను. కిటికీయే లేదు.

"రండమ్మా, రండి" అన్నాడు సిద్ధాంతి. "రేపటి ముహూర్తం దివ్యంగా ఉంది. మీ అబ్బాయి జాతకరీత్యా కూడా..."

"ముహూర్తానికేం అయ్యగారూ, బంగారం. ఒక్క ముచ్చట అడగనీకి వచ్చిన. శుభమైన పని పెద్దోళ్ళే మొదలువెట్టాలె గద?"

"తప్పకుండా. అది మన సంప్రదాయం."

"పెద్ద అంటె వయసుల పెద్దనా, జ్ఞానంల పెద్దనా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మంచి ప్రశ్న అడిగావు తల్లీ. జ్ఞానంలో పెద్దవాడే అసలైన పెద్ద. తల నెరిసినంత మాత్రాన పెద్ద కాడు."

"నేను గదే అనుకున్న. మా ఆయనకు తల నెరుసుడొక్కటే ఉన్నది. గందుకే రేపు లోపల మొదలు మీరే కూసోవాలె. మీ తర్వాతనే ఆయన."

వెనక్కి వాలిన మనిషి నిటారుగా లేచి కూర్చున్నాడు.

"నేనా?" అన్నాడు.

"ఔ, మీరే. సందు దగ్గరుండి మూయించిన చేతులు మీవి. తలుపేసి, గొళ్ళెం పెట్టి, మంచిగ మంట పెట్టి, అందరం బయట నిలవడి దండం పెట్టుకుంటం."

"రేపు నాకు ఖైరతాబాద్‌లో శంకుస్థాపన ఉందమ్మా."

"పోయి రారి. మీరొచ్చినంకనే ముట్టిస్తం."

"నాకు షుగరుంది."

"ఆయనకు బీపీ ఉన్నది."

సిద్ధాంతి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏమమ్మా, లోపల గాలి సరిపోదంటారా?"

"నాకేమెరుక అయ్యా? మూడో తరగతి. మీరు కూసొని చూసి చెప్పుర్రి."

ఆయన సొరుగు లాగి మా మేడ నక్షా బయటికి తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సెల్‌ఫోన్‌లో దిక్కులు చూపించే ముల్లు తెరిచి దాని మీద పెట్టాడు. ఏసీ గదిలో ఆయన నుదుట చెమట పట్టింది. పొయ్యి లేకుండా, రాళ్ళు లేకుండా పట్టింది. చూసి ఆనందించాను.

"ఆ సందు మూలకు దగ్గరగా ఉందా, దూరంగా ఉందా?" అన్నాడు.

"మూలకే ఉన్నది. పొయ్యి పక్కన."

"మరి అలా చెప్పరేం! అది దక్షిణం ఎలా అవుతుంది? అది దక్షిణాగ్నేయం. అగ్నిదేవుడి స్థానం. అక్కడ రంధ్రం ఉండి తీరాలి. అగ్నికి అది నోటితో సమానం. అగ్ని నోరు ఎవరు మూయించారు?"

"మీరే."

"మేస్త్రీ నాకు సరిగా చూపించి ఉండడు."

"గట్లనే అయ్యుంటది" అన్నాను. మేస్త్రీ అక్కడ లేడు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఫోను అందుకున్నాడు. ఇనుము వేడిగా ఉన్నప్పుడే సాగగొట్టాలని నేను ఆపాను. "జర ఆగుర్రి అయ్యగారూ. పైన ఇంకో సందున్నది. గండ్ల దుప్పటి కుక్కిన్రు."

"పైది ఆకాశతత్త్వం. తెరవాలి."

"తలుపుకు గొళ్ళెం, గడియ?"

ఆయన నన్ను తేరిపార చూశాడు. నేను ఆయనను చూశాను. "అగ్ని ఉన్న చోట బంధనం పనికిరాదు" అన్నాడు నిదానంగా. "రెండూ తీసేయించమనండి."

"గోలీ?"

"ఏ గోలీ?"

"మా ఆయన బీపీ గోలీ. రేపు ఏసుకోనంటున్నడు."

"అమ్మా, అది నా శాస్త్రం కాదు."

"గాలి గూడ మీ శాస్త్రం గాదు. అది చెప్తలేరా? ఇదొక్కటి చెప్తె ఏం పోతది?"

సిద్ధాంతి నిట్టూర్చి, ఫోనులో నా కొడుక్కి అన్నీ చెప్పాడు. చివర, ముహూర్తానికి ముందు ఔషధసేవ చాలా శుభమని కూడా చెప్పాడు. నేను నమస్కారం పెట్టి మెట్లు దిగాను. దక్షిణ ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి నా కొడుకు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"అమ్మా, ఎంత ప్రమాదం తప్పిందో తెలుసా? సిద్ధాంతిగారు మళ్ళ లెక్క కట్టిన్రంట. అది దక్షిణమే గాదు! సందు మూస్తే మస్తు దోషమంట!"

"గట్లనా?" అన్నాను.

"గొళ్ళెం గూడ వద్దన్నరు. ఎంత జ్ఞానం చూడు!"

"అవు బిడ్డా. మా అసుంటోళ్ళకు యాడ తెలుస్తది?"

కోడలు వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. పై సందులోని దుప్పటి, తలుపుకున్న గొళ్ళెం, గడియ నా కొడుకు తన చేత్తోనే పీకేశాడు. పొద్దుగూకేలోగా మేస్త్రీ వచ్చి, తాను పెట్టిన సిమెంటు తానే కొట్టేసి, రెండోసారి కూడా కూలీ తీసుకుని పోయాడు. మొత్తం వాస్తులో బాగుపడింది అతనొక్కడే.

మర్నాడు పొద్దున పబ్లిక్ గార్డెన్ జట్టు అంతా మేడ మీదికి వచ్చింది. ఎండ అప్పుడే ఎక్కుతోంది. అందరూ జేబురుమాళ్ళతో మెడలు తుడుచుకుంటూ, చెమట పోయడం వల్ల కలిగే లాభాల గురించి మాట్లాడుకుంటున్నారు. సిద్ధాంతి కూడా వచ్చి, మెట్ల తలుపు దగ్గర, అందరికంటే వెనక నిలబడ్డాడు.

నా కొడుకు కొబ్బరికాయ తీసుకుని పొయ్యి మీది రాళ్ళ మీద కొట్టబోయాడు. కోడలు చెయ్యి పట్టుకుని, మెట్టు మీద కొట్టించింది. తుమ్మ కట్టెలు పెట్టి, తలుపు బార్లా తీసి ఉంచి ముట్టించాం. మొదట గొట్టం చల్లగా ఉండి పొగ కాస్త లోపలికే తిరిగింది. గొట్టం వేడెక్కాక పైకి లాగింది. కింది సందు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. గాలి లోపలికి పోతోంది. పక్కనే బకెట్టు నిండా నీళ్ళు, తట్టెడు ఇసుక పెట్టించాను. "యుద్ధానికా?" అన్నాడు పొట్ట కరిగిన పెద్దమనిషి. నేను బకెట్టును ఇంకాస్త దగ్గరికి జరిపాను.

మా ఆయన శాస్త్రోక్తంగా గోలీ వేసుకుని, కొత్త బనియనుతో, నుదుట బొట్టుతో వచ్చాడు. టిఫిన్ తిననివ్వలేదని ముఖం ముడుచుకున్నాడు. అంత వేడిలో నిండు కడుపుతో కూర్చోకూడదు.

"కింది బల్ల మీదనే కూసో. మీదికెక్కకు. వేడంతా మీదనే ఉంటది" అన్నాను.

"తెలుసే, తెలుసు. నువ్వు అవుతల నిలవడు."

తలుపు దగ్గరగా వేసి, నేను బయట పీట వేసుకుని కూర్చున్నాను. తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి కనపడుతున్నాడు. మధ్యమధ్య పిలుస్తున్నాను, పలుకుతున్నాడు. కొంతసేపటికి జట్టులో ఒకాయన అద్దంలోంచి సెల్‌ఫోన్‌తో ఫోటో తీయబోయాడు. దాంతో మా ఆయనకు హుషారు పుట్టింది. పై బల్లకు ఎక్కి, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. చెంబుడు నీళ్ళు ఒక్కసారిగా రాళ్ళ మీద పోశాడు. భుస్సుమని ఆవిరి లేచి అద్దం మసకబారింది.

"దిగు అయ్యా, దిగు!" అన్నాను.

పలకలేదు.

నేను పీట మీది నుంచి లేచే లోపలే తలుపుకు లోపలి నుంచి ఏదో బరువుగా తగిలింది. తలుపు బయటికి తెరుచుకుంది. మా ఆయన ఆ తలుపు వెంటే బయటికి వచ్చి పడ్డాడు. నేనూ నా కొడుకూ చెరో రెక్క పట్టుకున్నాం. ముఖం పాలిపోయి ఉంది. పై బల్ల మీది నుంచి చటుక్కున లేచేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయట. ఎటు తోసింది కూడా తెలియదట. నీడలో పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, తడిగుడ్డతో ముఖం తుడిచాం. కాసేపటికి కళ్ళు తెరిచాడు. కూర్చోబెట్టి, ఉప్పేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించింది కోడలు.

"ఎట్లున్నది నాయినా?" అన్నాడు నా కొడుకు.

"మంచిగనే ఉన్నది. జర తలకాయ తిరిగింది. ఫోటో వచ్చిందా?"

"చూశారా!" అన్నాడు సిద్ధాంతి వెనక నుంచి. "దక్షిణాగ్నేయం తెరిచి ఉండబట్టి గండం గడిచింది."

జట్టంతా ఔనంటే ఔనంది. తర్వాత ఎవరు కూర్చుంటారని కోడలు అడిగింది. ఒకాయనకు బ్యాంకు పని గుర్తొచ్చింది. ఒకాయనకు నిన్నటి నుంచి జలుబట. పొట్ట కరిగిన పెద్దమనిషి, తనకు ఇంకా కరిగించాల్సిన అవసరం లేదన్నాడు. అందరూ కిందికి దిగి ఫ్యాను కింద కూర్చుని ఇడ్లీలు తిన్నారు. సిద్ధాంతి కూడా తిన్నాడు.

నా కొడుకు కిందికి రాలేదు. తలుపు దగ్గర నిలబడి, గొళ్ళెం పీకేసిన చోట మిగిలిన మేకు రంధ్రాల మీద వేలు పెట్టి చూస్తున్నాడు. నన్ను చూసి, తట్టలోని ఇసుకను కాలితో సర్దాడు.

"పో, మీ నాయిన దగ్గర కూసో. డాక్టరుకు ఫోన్ చెయ్" అన్నాను. పోయాడు. డాక్టరు చూసి, మనిషి బాగానే ఉన్నాడని, ఇలాంటి గదుల జోలికి పోవద్దని చెప్పాడు.

కట్టెలు ఇంకా మండుతున్నాయి. అవి నా డబ్బుతో కొన్నవి. నిప్పును దిక్కులేకుండా వదిలి పోవడం మంచిది కాదు. వేడిని వృథా పోనీయడం అంతకంటే మంచిది కాదు. తలుపు బార్లా తీసి, కోడల్ని బయట పీట మీద కూర్చోమని, నేను లోపల కింది బల్ల మీద మోకాళ్ళు పొయ్యి వైపు తిప్పి కూర్చున్నాను. ఎన్నాళ్ళ నుంచో పట్టేసి ఉన్న కీళ్ళు కాస్త సడలాయి. నిప్పు బూడిదయ్యేదాకా కూర్చుని, లేచి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, వంటకు కిందికి దిగాను.